సున్నా ఎక్కడుందమ్మా? కార్బన్ ఫైబర్ పలకలు తూచిన నా ఏడాది

ఎంటెక్ రెండో ఏడాది మొత్తం నేను చేసిన పని ఏంటంటే కార్బన్ ఫైబర్ పలకలు తయారుచేయడం, కోయడం, ఆరబెట్టడం, నానబెట్టడం, తూచడం, చివరికి విరగ్గొట్టడం. దీని గురించి రాయమని మా జూనియర్లు చాన్నాళ్లుగా అడుగుతున్నారు, ఎందుకంటే పేపర్లలో ఫైనల్ గ్రాఫ్ ఒక్కటే కనపడుద్ది, ఆ గ్రాఫ్ దాకా రావడానికి మధ్యలో ఏమేం పాడయ్యాయో ఎవరూ రాయరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా, పొడుగైపోతే ఏమనుకోకండి.

మాది సఖినేటిపల్లి దగ్గర చిన్న ఊరు. కాలేజీకి వెళ్లాలంటే పొద్దున్నే రేవుకొచ్చి పంటు ఎక్కి వశిష్ట గోదావరి దాటి నరసాపురంలో దిగాలి, అక్కణ్ణించి బస్సు. మా సార్ మెకానికల్ ప్రొఫెసర్, ఆయన రీసెర్చ్ అంతా విమానాల బాడీకి, రెక్కలకి వాడే మెటీరియల్స్ మీద, ముఖ్యంగా కార్బన్ ఫైబర్ గుడ్డకి ఎపాక్సీ రెసిన్ (గట్టిపడే జిగురు లాంటిది) పట్టించి చేసే కాంపోజిట్స్ మీద. చుట్టూ వరి చేలు, రొయ్యల చెరువులు, కొబ్బరి తోటలు, ఇక్కడ కూర్చుని విమానాల మీద రీసెర్చ్ ఏంటి సార్ అని మొదటి రోజే అడిగేశా. ఆయన కోప్పడలేదు. "విమానం ఎక్కడ తయారైనా అది నిలబడేది ఏదో ఒక ఊరి గాలిలోనే కదమ్మా" అన్నారు.

ఆ రోజే అలోహా ఎయిర్‌లైన్స్ ప్రమాదం సంగతి చెప్పారు. 1988 ఏప్రిల్ 28, హవాయి దీవులు, ఒక బోయింగ్ 737 గాల్లో ఉండగానే ముందు భాగం పైకప్పు దాదాపు 18 అడుగుల పొడుగున ఊడి ఎగిరిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయారు, మిగతా అందర్నీ పైలట్లు అలాగే తీసుకొచ్చి మావీ దీవిలో దించారు. అప్పటికి ఆ విమానం 89,680 సార్లు ఎగిరి దిగింది. దీవికీ దీవికీ మధ్య చిన్న చిన్న ట్రిప్పులు, ఎప్పుడూ సముద్రపు గాలి, అల్యూమినియం రేకుల అతుకుల్లో జిగురు వదిలేసి లోపలికి తేమ పోయి తుప్పు పట్టి, రివెట్ల పక్కన వెంట్రుకంత పగుళ్లు వరసగా ఒకదాంతో ఒకటి కలిసిపోయాయి. "అలాంటి గాలే మన అంతర్వేదిలో కూడా ఉంది, మనకి ల్యాబ్‌లో ఖరీదైన మిషన్లు లేకపోయినా ఈ గాలి మాత్రం ఫ్రీగా ఉంది" అన్నారు సార్. నాకు ఆ మాటతోనే టాపిక్ ఖాయమైపోయింది.

కార్బన్ ఫైబర్ తుప్పు పట్టదు కదా, మరి ఇబ్బందేంటి అని మీకు రావచ్చు, నాకూ వచ్చింది. బోయింగ్ 787 బరువులో సుమారు 50 శాతం కాంపోజిట్సే, అల్యూమినియం 20 శాతం, టైటానియం 15 శాతం. ఎయిర్‌బస్ ఎ350 అయితే 53 శాతం. మన తేజస్ ఎయిర్‌ఫ్రేమ్‌లో కూడా 45 శాతం దాకా కాంపోజిట్సే. తుప్పు భయం తగ్గింది కాబట్టే 787 లోపల గాలిని పాత విమానాల్లో లాగా అంత పొడిగా ఉంచక్కర్లేదు. అంతా బానే ఉంది, కానీ కార్బన్ దారాల్ని కలిపి పట్టుకునే ఎపాక్సీ ఉందే, అది నీళ్లు తాగుద్ది. మెల్లగా, నెలల తరబడి, గాల్లో తేమని లోపలికి లాక్కుంటది. లాక్కున్నాక కొంచెం మెత్తబడుద్ది. ఇంట్లో ఇది చెప్తే మా అమ్మ వెంటనే "వానాకాలంలో వేయించిన అప్పడం మెత్తబడ్డట్టు" అంది. సరిగ్గా అదే. ఈ ఫీల్డ్ వాళ్లు దీన్ని ప్లాస్టిసైజేషన్ అంటారు, నేను నా నోట్స్‌లో అప్పడం అనే రాసుకున్నా.

నా పని ఏంటంటే మన దగ్గర దొరికే రెసిన్‌తో పలకలు చేసి, అవి ఎంత నీళ్లు తాగుతాయి, ఎంత స్పీడుగా తాగుతాయి, తాగాక ఎంత బలం పోద్ది, మళ్లీ ఆరబెడితే ఎంత తిరిగొస్తది, ఇవి చూడటం.

జూలైలో మొదలుపెట్టా, అదే మొదటి తప్పు. రెసిన్ ఎల్‌వై 556, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ హెచ్‌వై 951, మన దేశంలో చాలా కాలేజీ ల్యాబుల్లో ఇదే వాడతారు, 100 గ్రాముల రెసిన్‌కి 10 గ్రాముల హార్డెనర్. గాజు పలక మీద వ్యాక్స్ రుద్ది, కార్బన్ గుడ్డ ఒక పొర, దాని మీద బ్రష్‌తో రెసిన్, రోలర్‌తో గాలి బుడగలు తోసేయడం, మళ్లీ ఇంకో పొర, అలా 8 పొరలు, అన్నీ అయ్యేసరికి 2 మిల్లీమీటర్ల మందం వస్తది. పైన తర్వాత ఊడదీసేసే గుడ్డ (పీల్ ప్లై), గాలి పోవడానికి బ్రీదర్ గుడ్డ, ఆ పైన ప్లాస్టిక్ ఫిల్మ్ వేసి చుట్టూ సీలెంట్ టేపు అంటించి లోపలి గాలంతా పంపుతో లాగేస్తాం. ఇక్కడ టైమ్ తో పరుగు, ఎందుకంటే హార్డెనర్ కలిపిన అరగంటకి రెసిన్ చిక్కబడిపోద్ది, గిన్నె కూడా చేతిలో వేడెక్కిపోద్ది. ఫిల్మ్‌కి ఎక్కడో సన్న లీకు ఉంటే గేజి ముల్లు మెల్లగా పడిపోతా ఉంటది, అప్పుడు ఫ్యాన్లు ఆపేసి, అందర్నీ మాట్లాడకుండా ఉండమని, అంచు వెంబడి చెవి ఆనించి ఆ సన్న ఈల ఎక్కడినుంచి వస్తుందో వెతకాలి. నాకు బాగా నచ్చిన పని అదే, ఇప్పటికీ.

మర్నాడు పలక తీసి చూస్తే పైన జిడ్డు. నూనె చెయ్యి పెట్టినట్టు మైనంలాంటి పొర, తుడిస్తే పోయి మళ్లీ కింద తెల్లగా కనపడతా ఉంది. నేను నిష్పత్తి తప్పు కలిపాననుకున్నా, రెండోసారి ఇంకా జాగ్రత్తగా తూచి చేశా, మళ్లీ అదే. మూడోసారీ అదే. అప్పటికే కార్బన్ గుడ్డ సగం అయిపోయింది, ఆ గుడ్డ ఖరీదు తెలిసినవాళ్లకి నా బాధ అర్థమవుద్ది, రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

సార్‌కి చూపిస్తే ఆయన చూసి వెంటనే కారణం చెప్పలేదు. ఆదివారం మా ఊరి వైపు వస్తా, నాతో రా అన్నారు. అంతర్వేది వైపు ఫైబర్ బోట్లు రిపేరు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు, సార్‌కి ఆయన చాలా ఏళ్లుగా తెలుసంట. కొబ్బరి చెట్ల కింద ఒక బోటు బోర్లించి ఉంది, పక్కన రెసిన్ డబ్బాలు, గ్లాస్ మ్యాట్ (గాజు పీచు గుడ్డ) చుట్ట పాలిథిన్ కవర్లో కట్టి ఎత్తు మీద పెట్టి ఉంది. ఆయన పని చేయట్లేదు, ఊరికే కూర్చున్నారు. "ఏం బాబాయ్ ఇయ్యాల పని లేదా" అని అడిగితే, "ముసురు పట్టింది కదమ్మా, ఇప్పుడు రెసిన్ కలపకూడదు. మ్యాట్టు చెమ్మ పీల్చేత్తాది, పనంతా అయ్యాక తెల్ల మచ్చ పడద్ది, ఆ మచ్చ ఉన్నకాడే తర్వాత ఉప్పునీళ్లు దిగుతాయి. ఎండ రావాల, రెండ్రోజులు చూత్తాను" అన్నారు. ఇరవై ఏళ్లుగా ఆయన చేతి పని అది. ఆయన వాడేది పాలిస్టర్ రెసిన్, నాది ఎపాక్సీ, రెండిట్లో జరిగే కెమిస్ట్రీ వేరు, కానీ ఆయన చెప్పిన అసలు విషయం ఒక్కటే, గాలి చూసుకుని పని మొదలుపెట్టాలని. తిరిగి వచ్చేటప్పుడు సార్ చెప్పారు, నా హార్డెనర్ అమైన్లు అనే రసాయనాల జాతిది, గాల్లో తేమ ఎక్కువుంటే పైపైన ఉన్న అమైన్ రెసిన్‌తో కలిసే లోపే నీటితో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి ఆ మైనం పొర కడద్ది, దాన్ని అమైన్ బ్లష్ అంటారు అని. ఈ మాట ల్యాబ్‌లోనే చెప్పొచ్చు కదా సార్ అన్నా. "చెప్తే రాసుకునేదానివి, ఇప్పుడు చూశావు" అన్నారు.

ఆ తర్వాత ల్యాబ్‌లో ఒక చిన్న గది తీసుకుని ఏసీ వేసి, గోడకి తేమ మీటర్ తగిలించి, 50 శాతం కిందకి దిగితేనే రెసిన్ డబ్బా మూత తీయాలని రూల్ పెట్టుకున్నా. కార్బన్ గుడ్డని కూడా ముందు ఓవెన్‌లో వేడిచేసి తీసేదాన్ని. కరెంటు పోతే ఆ రోజు పని లేనట్టే. నాలుగో పలక శుభ్రంగా వచ్చింది, వేలితో తడితే గాజులాగా మోగింది. దాన్ని 80 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు వేడిలో ఉంచి ఇంకా గట్టిపరిచి (పోస్ట్ క్యూర్ అంటారు) ముక్కలు కోశాం. కోయడం గురించి ఒక్కమాట, డైమండ్ పూత ఉన్న చక్రంతో, మాస్క్ పెట్టుకుని, కంప్యూటర్లకి దూరంగా కోయాలి, ఎందుకంటే కార్బన్ పొడికి కరెంటు పారుద్ది, అది ఎలక్ట్రానిక్స్‌లోకి పోతే షార్ట్ అవుద్ది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. ముక్కలు కోసిన మర్నాడే బ్యాలెన్స్ మీద పెట్టి బరువులు రాసుకుని నీళ్లలో వేసేశా. నాకు తొందర, జూలైలో మొదలుపెట్టింది అప్పటికి సెప్టెంబర్ వచ్చేసింది. రెండు వారాల బరువులు గ్రాఫ్ గీసి సార్ బల్ల మీద పెట్టా. ఆయన చాలాసేపు చూసి వేలు మొదటి చుక్క మీద పెట్టి "సున్నా ఎక్కడుందమ్మా?" అన్నారు. ఇదే సార్ సున్నా, పొడి బరువు అన్నా. "పొడి అని ఎవరు చెప్పారు? ఈ పలక ఏ గాలిలో కూర్చుంది? కోసేటప్పుడు దాని మీద నీళ్లు పోశారా లేదా? నువ్వు సున్నా అనుకున్న చోటికి అది అప్పటికే కొంత తాగి వచ్చింది."

నిజమే. మా ఇంట్లో వానాకాలం ఉప్పు జాడీలో ఉప్పు దానంతటదే నీరు కారుద్ది, అగ్గిపెట్టె వెలగదు, గోడకి తగిలించిన చొక్కా చెమ్మగా ఉంటది. ఈ గాలిలో పుట్టి పెరిగినదాన్ని, పలక మాత్రం పొడిగా ఉందని ఎలా అనుకున్నానో. పొడి అనేది మన దగ్గర ఊరికే దొరకదు, దాన్ని మనం తయారుచేసుకోవాలి. ముక్కలన్నీ పక్కన పెట్టేసి కొత్త ముక్కలు కోసి, ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర పెట్టి, రోజూ తీసి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న మూత పాత్రలో (డెసికేటర్) చల్లార్చి తూచడం మొదలుపెట్టా. బరువు తగ్గుతా వచ్చింది. ఆగుద్దనుకున్న రోజు ఆగలేదు, ఇంకా తగ్గింది. వరసగా కొన్ని రోజులు బ్యాలెన్స్ మీద అంకె కదలకుండా నిలబడేసరికి మూడు వారాలు పట్టింది. అదీ నా సున్నా. ఆ రోజు పంటు మీద ఇంటికొస్తా నాకు పరీక్ష పాసైనంత సంతోషంగా ఉంది, పక్కన కూర్చున్న చేపల గంపల ఆవిడకి కూడా చెప్పా, ఆవిడకి ఏం అర్థమైందో కానీ "మంచిదమ్మా" అంది.

నానబెట్టడంలో కూడా ఒక దెబ్బ తగలబోయి తప్పింది. మామూలు వేడిలో 2 మిల్లీమీటర్ల పలక పూర్తిగా నానాలంటే ఏడాది దగ్గర దగ్గర పడుద్ది. లోపలికి నీళ్లు పోయే లెక్క ఎలా ఉంటదంటే, మందం రెట్టింపైతే టైమ్ రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. మినప్పప్పు నానబోసినప్పుడు పైన మెత్తబడి మధ్యలో గట్టిగా ఉంటది చూడండి, అలా. అందుకే బరువు గ్రాఫ్‌లో అడ్డంగా గంటలు కాకుండా గంటల వర్గమూలం పెడతాం, అప్పుడు మొదట్లో తిన్నని గీత వచ్చి, నానడం పూర్తయ్యే కొద్దీ వంగి, చివరికి చదునైపోద్ది. తొందరగా అవ్వాలంటే నీళ్లు వేడి చేయాలి, నేను 70 డిగ్రీలు పెడదామనుకున్నా. సార్ వద్దన్నారు. ప్రతి ఎపాక్సీకి ఒక టెంపరేచర్ ఉంటది, అది దాటితే గాజులా గట్టిగా ఉన్నది రబ్బరు వైపు మెత్తబడుద్ది, టీజీ అంటారు. నీళ్లు తాగిన కొద్దీ ఆ టీజీ కిందకి దిగుతా ఉంటది. రూమ్ టెంపరేచర్‌లో గట్టిపడే మాలాంటి రెసిన్‌కి తడిసిన తర్వాత 70 డిగ్రీలంటే అంచు మీద నిలబడ్డట్టే, అక్కడ వచ్చే నంబర్ వేరే మెటీరియల్‌ది అవుద్ది. విమానాల్లో వాడేవి వేడి ఓవెన్లలో 120, 180 డిగ్రీల దగ్గర క్యూర్ చేసే రెసిన్లు, వాటికి ఆ వెసులుబాటు ఎక్కువ, మనకి లేదు. 50 డిగ్రీల దగ్గర పెట్టా. తర్వాత టీజీ కొలిపిస్తే తడిసిన ముక్కకి పొడి దానికంటే 20 డిగ్రీల దాకా తక్కువొచ్చింది, ఆయన మాట వినకపోతే ఏమయ్యేదో అప్పుడు తెలిసింది.

తూచడం రోజూ ఒకేలా ఉండాలి. పట్టకారుతో తీయడం, పీచు రాలని కాగితంతో అద్దడం, ఫ్యాన్ ఆపడం, బ్యాలెన్స్ తలుపులు మూయడం, అంకె నిలబడగానే రాసి మళ్లీ నీళ్లలో వేయడం. ఏడున్నర గ్రాముల ముక్క, అది మొత్తం తాగేదే 80, 90 మిల్లీగ్రాములు, అందులో రోజు వాటా ఎంతుంటదో ఆలోచించండి. చేతి చెమట ఒక్క చుక్క చాలు పాడవడానికి. పొరల మధ్య బలం టెస్ట్ చేసే ముక్కలు మరీ చిన్నవి కాబట్టి వాటిని తూచం, వాటితో పాటు అదే తొట్టిలో పెద్ద ముక్కలు వేసి వాటిని తూస్తాం, ట్రావెలర్లు అంటారు వాటిని.

నేను మొత్తం రెండు బ్యాచ్‌లు నానబెట్టా, ఒకటి శీతాకాలంలో అయిపోయింది, రెండోది మొదలుపెట్టేసరికి మళ్లీ వానలొచ్చాయి. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, పంటు ఆపేశారు. రాజోలు మీదుగా దిండి వెళ్లి చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు మీదుగా చుట్టు తిరిగి కాలేజీకి రావొచ్చు, మొదటి రోజు అలాగే వెళ్లా, తర్వాత మా ఊరి రోడ్డు మీదకే నీళ్లొచ్చేశాయి. నాలుగు రోజులు ఇంట్లోనే. మా నాన్న కొబ్బరికాయలు నీళ్లలో కొట్టుకుపోకుండా రాశి చుట్టూ వల కడతా ఉంటే నేను అరుగు మీద కూర్చుని నోట్‌బుక్ చూస్తా ఉన్నా. నాలుగు గళ్లు ఖాళీ. మొదటి బ్యాచ్ గీత ఎలా పోయిందో నాకు తెలుసు, ఏ రోజు ఎంత ఉండాలో వేళ్ల మీద చెప్పగలను. పెన్సిల్‌తో ఆ నాలుగు అంకెలు రాసేశా. తర్వాత పెన్నుతో దిద్దా.

ఇది రాయడం కష్టంగానే ఉంది కానీ రాయకపోతే ఈ అనుభవం రాయడంలో అర్థం లేదు.

సార్ నోట్‌బుక్ చూసి ఏమీ అనకుండా పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, "ఈ నాలుగు రోజులూ బ్యాలెన్స్ వణకలేదా అమ్మా?" అన్నారు. మిగతా రోజుల్లో ఆఖరి అంకెలు పైకీ కిందకీ ఊగుతా ఉంటాయి, నేను రాసినవి మెట్లు కట్టినట్టు ఉన్నాయి. నాకు గొంతు పెగల్లేదు. ఊహించి రాశాను సార్ అన్నా. ఆయన అరిచి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో, ఆయన ఎర్ర పెన్ను ఇచ్చి నన్నే కొట్టేయమని, పక్కన వరద, పంటు లేదు అని రాయమన్నారు. తర్వాత ఇద్దరం కలిసి ల్యాబ్ అసిస్టెంట్ గారిని పిలిచి అడిగితే, ఆ నాలుగు రోజుల్లో రెండు రోజులు కాలేజీలో కరెంటే లేదంట, నీళ్ల తొట్టి చల్లారిపోయింది. అంటే ఆ ముక్కలు నేను అనుకున్నంత తాగనే లేదు. నేను వెళ్లి తూచిన ఐదో రోజు అంకె నా ఊహ గీత కంటే కిందుంది, నేనేమో అది తూకంలో తప్పనుకుని దాన్ని కూడా తిరిగి తూచా. నా నాలుగు దొంగ అంకెలు అలాగే ఉంటే ఐదో రోజు నిజమైన అంకె అబద్ధంలాగా కనపడేది. ఇప్పుడు నా థీసిస్‌లో ఆ గ్రాఫ్‌కి ఒక ఖాళీ, ఆ తర్వాత ఒక చిన్న మెట్టు ఉంటాయి. కింద కారణం రాసి ఉంటది.

టెస్టింగ్‌కి వేరే ఊళ్లో పెద్ద ల్యాబ్‌లో స్లాట్ కోసం రెండు నెలలు ఆగాం, ఆ ఉత్తరాలు, ఫీజులు, సంతకాల సంగతి వదిలేస్తున్నా. తడి ముక్కలు దారిలో ఆరిపోకుండా తడి టిష్యూలో చుట్టి జిప్ కవర్లో పెట్టి, రాత్రి బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లా. ముందు టెన్సైల్ టెస్ట్, 25 సెంటీమీటర్ల పొడుగు పట్టీలు, రెండు చివర్లా పట్టుకుని లాగడం. మొదటి రెండిటికి మిషన్ పట్టుకోవడానికి చివర్లో అంటించిన గ్లాస్ ఫైబర్ ముక్క (ట్యాబ్) ఊడిపోయింది, అవి లెక్కలోకి రావు. మిగతావి మధ్యలో పెళ్లున పగిలాయి. పొడివీ తడివీ పక్కపక్కన పెట్టి చూస్తే బలంలో తేడా దాదాపు లేదు. ఏడాది పని, ఏమీ తేడా లేదు. కాళ్లు వణికిపోయాయి, బయటికొచ్చి సార్‌కి ఫోన్ చేశా. ఆయన "పొడుగ్గా లాగినప్పుడు బరువు మోసేది ఎవరమ్మా, దారమా, జిగురా?" అన్నారు. దారం సార్. "దారం నీళ్లు తాగుద్దా?" తాగదు సార్. "మరింకేం, పొరలు విడదీసే టెస్ట్ చెయ్యి" అన్నారు.

ఆ పొరల టెస్ట్‌కి వాడే షార్ట్ బీమ్ ముక్కలు చింతగింజంత పొడుగుంటాయి, 12 మిల్లీమీటర్ల పొడుగు, 4 వెడల్పు. రెండు చిన్న రోలర్ల మీద పెట్టి మధ్యలో నొక్కితే ముక్క విరగదు, మధ్య పొరలు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. పొడి ముక్క "టిక్" మని శబ్దం చేసి ఆగింది. తడి ముక్కకి ఆ శబ్దం మెత్తగా, ముందే వచ్చేసింది. వరసగా అన్నీ చేశాక లెక్క చూస్తే తడి ముక్కల్లో పొరల మధ్య బలం ఐదో వంతు దాకా తగ్గింది. మళ్లీ ఆరబెట్టిన ముక్కలకి చాలావరకు తిరిగొచ్చింది, కానీ మొత్తం రాలేదు. అప్పడం మళ్లీ కాస్తే కరకరలాడుద్ది, ఇక్కడ మాత్రం కొంత పోయింది పోయినట్టే. ఆ పోయినది ఎక్కడ పోయిందో మైక్రోస్కోప్‌లో కనపడింది, దారానికీ రెసిన్‌కీ మధ్య పట్టు వదిలేసిన చోట దారాలు నున్నగా, ఒంటికి రెసిన్ అంటకుండా బయటికొచ్చి ఉన్నాయి. పొడి ముక్కలో దారాలకి రెసిన్ ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంది. ఆ రెండు ఫోటోలు నా థీసిస్ మొత్తంలో నాకు ఇష్టమైనవి.

విమానాల వాళ్లు ఈ నష్టాన్ని ముందే లెక్కేసుకుంటారు, అందుకే వాళ్ల డిజైన్ నంబర్లు పొడి పలకవి కావు, వేడిలో, నిండా తడిసిన పలకవి. తేమ ఎక్కువున్న దేశాల్లో ఏళ్లతరబడి నిలబడే విమానం అనుకుని సాధారణంగా 85 శాతం తేమ దగ్గర నానబెట్టి చూస్తారు. సార్ ఆ నంబర్ బోర్డు మీద రాసి దాని పక్కన "ఆగస్టు, నరసాపురం" అని రాశారు.

వైవాలో ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన అన్ని గ్రాఫులు తిప్పి సరిగ్గా ఆ ఖాళీ ఉన్న గ్రాఫ్ దగ్గర ఆగారు. ఇదేంటి అన్నారు. వరద వచ్చిందండి, పంటు ఆగిపోయింది, రెండు రోజులు తొట్టికి కరెంటు లేదు అని చెప్పా. ఆ ఐదో రోజు మెట్టు గురించే పది నిమిషాలు అడిగారు, చల్లారితే డిఫ్యూజన్ (నీళ్లు లోపలికి పోయే స్పీడు) ఎంత తగ్గాలో బోర్డు మీద లెక్క వేయించారు, నా అంకెకి దగ్గరగా వచ్చింది. మిగతా ప్రశ్నలు పెద్దగా గుర్తులేవు.

ఇంకోటి చెప్పాలి. సార్ గదిలో బీరువా కింద అరలో గాజు జాడీలు ఉంటాయి, అడుగున పొటాషియం క్లోరైడ్ ఉప్పు తడి ముద్దగా, పైన జల్లెడ మీద పలకలు, మూత చుట్టూ గ్రీజు. ఆ ఉప్పు ముద్ద ఉన్నంతకాలం జాడీలో గాలి తేమ దానంతటదే 85 శాతం దగ్గర నిలబడుద్ది, కరెంటుతో పని లేదు, వరదొచ్చినా ఆగదు. సార్ దగ్గర ప్రాజెక్ట్ చేసిన ప్రతి బ్యాచ్ తమ పలకలు కొన్ని అందులో వదిలి వెళ్తారు, నెలకోసారి ఎవరో ఒకరు తూచి ఒకే నోట్‌బుక్‌లో రాస్తారు. నేనూ నాలుగు పెట్టి వచ్చా. నేనిప్పుడు ఊళ్లో లేను, కానీ ఒకటో తారీఖున జూనియర్ అమ్మాయి ఆ పేజీ ఫోటో తీసి పంపుద్ది. మొన్న పంపిన దాంట్లో నా మూడో పలక ఇంకా రెండు మిల్లీగ్రాములు పెరిగింది. నాలుగో పలక గడిలో "జాడీ మూత సరిగ్గా పడలేదు, ఈ నెల తూకం లెక్కలోకి తీసుకోవద్దు" అని ఎర్ర పెన్నుతో ఉంది.